వాపసు పెట్టె

నొక్కు, అన్నాడు కింద నుంచి బావమరిది. నొక్కాడు. మళ్లీ, అన్నాడు, మళ్లీ నొక్కాడు, మూడోసారి నొక్కి పట్టుకో బావా వదలకు అంటే పట్టుకున్నాడు. ఇంజను పక్కన చిన్న స్పానరు పావువంతు తిరిగింది, సన్నటి తెల్ల గొట్టంలోంచి బుడగలు ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ సీసాలోకి దిగాయి, వేళ్ల కింద లీవరు పస లేకుండా జారి హ్యాండిలుకు ఆనుకుపోయింది. బిగించాను, వదులు. వదిలాడు. బండికి కేబుల్ పోయి ఆయిలు వచ్చింది. ఇన్నాళ్లూ తీగ లాగిన క్లచ్‌ని ఇకమీదట ఆయిలు తోస్తుంది. కానీ పైపులో పిసరంత గాలి మిగిలినా ఆ తోపు ఇంజను దాకా పోదు, గాలి నలిగి ఊరుకుంటుంది, క్లచ్ విడదు. అందుకని ఈ నొక్కడం, పట్టుకోవడం, వదలడం. గంట పడుతుందన్నాడు, ఒకడు బండి మీద కూర్చోవాలి, ఒకడు కింద కూర్చోవాలి, ఇద్దరి చేతులూ ఒక్క మాట మీద నడవాలి. ఒక్క మాట మీద, అనుకుంటే ఆయనకి నవ్వు వచ్చినట్టే వచ్చి పోయింది. ఎడమ చేయి లీవరు మీద ఉంది. కుడి చేయి ఒళ్లో, మురికి గుడ్డ మీద ఉంది. ఆ గుడ్డ కింద ఇందాక బండిలోంచి పీకిన పాత క్లచ్ కేబుల్ చుట్ట ఉంది, ఆ కేబుల్ కొసన రబ్బరు టోపీ కింద తెల్ల దారం ముడి ఉంది, ఆ ముడి తను వేసిందే.

పావుగంట కిందట బావమరిది ట్యాంకు కింద తల దూర్చి కొత్త పైపుకి దారి చూస్తూ, పీకిన కేబుల్‌ని వెనక్కి చూడకుండానే బెంచీ కిందకి, తుక్కులోకి విసిరాడు. ముప్పై ఒక్క ఏళ్లు కేబుళ్లమ్మి ఇల్లు నిలబెట్టిన మనిషి ఎదుట కేబుల్ తుక్కులో పడితే చేయి ఊరుకుంటుందా. వంగి తీశాడు, అలవాటు కొద్దీ కొస పట్టుకుని లోపలి తీగని లాగి చూశాడు. రాలేదు. గట్టిగా లాగితే ఇసుకలో గొలుసు ఈడ్చినట్టు గరగరమంటూ బెత్తెడు వచ్చి ఆగింది. అప్పుడు కూడా అనుమానం రాలేదు, పదకొండు నెలలుగా తిరగని బండి కదా, ఎండిపోయిందనుకున్నాడు. ఏ సరుకో చూద్దామని టోపీ వెనక్కి తోశాడు. తోస్తే దారం. నొక్కు బావా. నొక్కాడు. ఒళ్లు చల్లబడడం అంటారే, అది మాటవరసకి అనే మాట కాదని ఆయనకి అప్పుడు తెలిసింది, ముందు మోచేతులు చల్లబడ్డాయి, తర్వాత చెవులు. బావమరిది తల ఇంకా ట్యాంకు కిందే ఉంది, ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. ఈయన గుడ్డ తెచ్చుకుని, కేబుల్ చుట్ట ఒళ్లో పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు బండెక్కి కూర్చున్నాడు. బేరంలో ఎదుటివాడి అసలు ధర తెలిసిపోయిన క్షణాన మొహం కదలకూడదు. అది ఆయనకి చేతనైన విద్య. దాన్ని సొంత బావమరిది మీద వాడాల్సి వస్తుందని మాత్రం అనుకోలేదు.

వాపసు వచ్చిన సరుకుకి ఆయన షాపులో ఒక పద్ధతి ఉంది. కొన్నవాడు తెచ్చి కౌంటరు మీద పెడతాడు, ఏమైంది అని అడుగుతాడు ఈయన. వాడు చెప్పింది చెప్పినట్టు, తిడితే తిట్టు కూడా, చిన్న చీటీ మీద రాసి తెల్ల దారంతో కేబుల్ మెడకి కట్టి వెనక రేకు పెట్టెలో వేసి తాళం పెడతాడు. మంచి సరుకులో చెడ్డది ఒక్కసారి కలిసిందంటే ఇక ఏది ఏదో చెప్పడం ఎవడి తరమూ కాదు, అందుకే తాళం. ముడి కూడా మామూలు ముడి కాదు, రెండు చుట్లు, ఒక మెలిక, కొస లోపలికి తోసి ఎడమ బొటనవేలితో నొక్కి బిగించడం. కూతురికి నేర్పబోతే, దొంగలు ఎత్తుకుపోయే సరుకా నాన్నా ఇది, దీనికింత ముడా, అని నవ్వి మామూలు ముడి వేసుకునేది. అందుకే చూడగానే తనదని తెలిసింది. చీటీని కత్తిరించేశారు, ముడిని మాత్రం వదిలేశారు, తొందరలో వదిలేశారో, టోపీ కింద ఎవడు చూడొచ్చాడులే అనుకున్నారో. కత్తిరించేశారు, వదిలేశారు. తన మనసు ఎవరూ చెప్పకుండానే ఇద్దరి లెక్కలో ఆలోచిస్తోందని అప్పుడు గమనించాడు. పెట్టె తాళంచెవులు రెండు. ఒకటి తన మొలతాడుకి, ఒకటి కూతురి గుత్తిలో. బండి విప్పి బిగించే చేయి ఒక్కటే, అది ఇప్పుడు తన కాలి దగ్గర స్పానరు పట్టుకుని కూర్చుంది.

పట్టుకో. పట్టుకున్నాడు. బుడగలు ఇందాకటి కంటే చిన్నవి వస్తున్నాయి. ఈ ముడి ఎప్పుడు వేశాడో కూడా గుర్తుంది ఆయనకి. రెండేళ్ల కిందట ఒక మూట మూటంతా చెడిపోయి వచ్చింది, లోపలి గొట్టం నాసిది, కొత్తలో వెన్నలా జారుతుంది, నెల తిరిగేసరికి తీగని పట్టేసుకుని బిగుసుకుంటుంది. ఒక ముసలి పాలవాడు తెచ్చి కౌంటరు మీద కొట్టాడు, దీన్ని నొక్కలేక నా చెయ్యి పడిపోయిందనుకున్నానయ్యా, ఆస్పత్రి చుట్టూ తిరిగాను, అన్నాడు. ఆ మాటే చీటీ మీద రాశాడు. మర్నాటి నుంచీ లైనంతా, తను సరుకిచ్చే షాపులన్నీ, తిరిగి అమ్మినవన్నీ అడిగి మరీ వెనక్కి తెచ్చుకున్నాడు. కంపెనీవాడు మొహం చాటేశాడు. లైను చివర కొత్తవాళ్లెవరికైనా అంటగట్టెయ్ బావా, ఎవడికి తెలుస్తుంది, అన్నాడు బావమరిది, అదీ ఇలాగే నేల మీద కూర్చుని, చేతులు తుడుచుకుంటూ. దారిన పోయేవాడికి కూడా ఇవ్వనురా అన్నాడు ఈయన. ఆ మాట అన్నందుకు లోలోపల ఎంత మురిసిపోయాడో, ఎన్ని చోట్ల చెప్పుకున్నాడో, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. దారిన పోయేవాడికి కూడా ఇవ్వనన్నదాన్ని తీసి తన బండికి వేశారు. పాలవాడికి జరిగింది తెలిసి, చీటీ మీద చదివి, మందులా ఎంచుకుని మరీ వేశారు.

ఎందుకో వెతుక్కోనక్కర్లేదు, తన నోరే. కూతురు చదువయ్యాక కౌంటరులో కూర్చుంది, ఏడాది తిరగకుండానే ఏ అరలో ఏముందో ఈయన ఆమెని అడగాల్సి వచ్చేది. ఒకరోజు భోజనాల దగ్గర, బావమరిది కూడా ఉన్నాడు, లైను నాకివ్వు నాన్నా అంది. సోమ, బుధ, శుక్రవారాలు బండికి రెండు పక్కలా సంచులు వేసుకుని రోడ్డు పక్క మెకానిక్ షాపులన్నీ తిరిగి సరుకిచ్చి ఆర్డరు రాసుకొచ్చే పని, అదే లైను. షాపుకి ఒళ్లు కౌంటరైతే ప్రాణం లైను. కౌంటరులో కూర్చుంటే వచ్చినవాడికే అమ్ముతాం, రానివాడికి అమ్మాలనుంది నాకు, అంది. ఆ మాట విని లోపల శభాష్ అనుకున్నాడు, పైకి మాత్రం ఎండ అన్నాడు, దుమ్ము అన్నాడు, లారీలన్నాడు, అవన్నీ సాకులని ముగ్గురికీ తెలుసు. అసలు సంగతేమిటంటే లైను మీద ఆయన్ని తీగల బాబాయి అంటారు. దూరాన బండి చప్పుడు విని, బాబాయి వస్తున్నాడు టీ చెప్పరా అని కేకేస్తారు. ఇంట్లో ఆయన ఒట్టి నాన్న, ఒట్టి బావ. అందుకే అన్నాడు, నా చేయి క్లచ్ నొక్కినంత కాలం లైను నాది, నొక్కలేని రోజున నీది. మాటేనా, అంది. మాటే, అన్నాడు. అమ్మాయి కంచంలోకి చూస్తూ అన్నం కలిపింది. మాట జారేటప్పుడు అది రేపు ఎటు తిరుగుతుందో చూసుకోవడం తన వృత్తి. చూసుకోలేదు. లైను నీదే, కానీ క్లచ్ నొక్కనివ్వకుండా చేసుకో, అని చేతికి తాళంచెవి ఇచ్చినట్టు చెప్పాడు.

నొక్కు. మళ్లీ. పై గిన్నెలో ఆయిలు తగ్గింది, ఆగు, పోస్తాను, అంటూ లేచాడు బావమరిది. ట్యాంకు మీద తడిగుడ్డ సర్దాడు. ఈ ఆయిలు చుక్క పడితే రంగు లేచిపోతుంది బావా, అన్నాడు, ఎంత జాగ్రత్తగా పోస్తున్నాడో, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, పసిపిల్లకి మందు పోస్తున్నట్టు. రంగు పోతుందని ఇంత భయపడే మనిషి. ఆ మొహంలోకి చూశాడు ఈయన. కళ్ల కింద పాత కాలిన మచ్చ, అది తన బండి సైలెన్సరు వల్ల అయిందే, పెళ్లయిన కొత్తలో, వీడికి పద్నాలుగేళ్లప్పుడు. తనే చేయి పట్టుకుని పని నేర్పించాడు, షాపు వెనక ఈ షెడ్డు వేసిచ్చాడు. ఇచ్చిందీ పుచ్చుకుందీ ఇప్పుడు తీయకూడదు, అనుకున్నాడు, తీస్తే అది కోపమవుతుంది, ఇది కోపం కాదు. ఇది ఇంకేదో. క్లచ్ గట్టిగా ఉందిరా అని వారం వారం వచ్చి చెబితే ఇదే మొహం పెట్టి, తన దిమ్మిసలాంటి చేత్తో నొక్కి, కేబుల్ కూడా చూశాను, నాకు బాగానే ఉందే బావా, అన్నాడు. కాస్త ఆగి, మెల్లగా, వయసు కదా, అన్నాడు. ఆ కాస్త ఆగడమే ఇప్పుడు గుచ్చుతోంది. అబద్ధం చెప్పే ముందు అందరూ ఆగుతారు, ఆ ఆగడాన్ని ఆయన కౌంటరు మీద వెయ్యిసార్లు పట్టుకున్నాడు. వీడి దగ్గర మాత్రం దాన్ని జాలి అనుకున్నాడు.

ఆ నెల్లాళ్లూ లైను మీద నరకం. ఒక్కో షాపు దగ్గర ఆపడం, కదలడం, గేరు మార్చినప్పుడల్లా మణికట్టు నుంచి మోచేతి దాకా నిప్పు పాకినట్టుండేది. డాక్టరు చూసి నరాలు వాచాయన్నాడు, నిజమే, రోజుకి ఆరొందల సార్లు రాయిని నొక్కితే ఎవడికైనా వాస్తాయి. సాయంత్రాలు ఇంటావిడ ఉప్పుమూట వేడిచేసి కాపడం పెట్టేది. స్కూటరు మీద వెళ్లొచ్చుగా, దానికి క్లచ్చే ఉండదు, అంది ఒకసారి. మాట అలా లేదు, అన్నాడు ఈయన. చేయి క్లచ్ నొక్కినంత కాలం అన్నాను. స్కూటరెక్కి లైను పట్టుకు వేలాడితే దొంగాట. ఎంత నిజాయితీ. దొంగాట ఆడుతున్నవాళ్లిద్దరూ అదే గదిలో, అదే కంచాల ముందు కూర్చుని ఈ మాట విన్నారు. అమ్మాయి అప్పుడు లేచి వెళ్లిపోయింది, మంచినీళ్లకి అనుకున్నాడు. చాలాసేపు రాలేదు.

వదలకు, వదలకు, ఇదిగో పెద్దది వచ్చింది, అన్నాడు బావమరిది సంబరంగా. పెద్ద బుడగ ఒకటి గొట్టంలో కాసేపు వెనకా ముందూ ఆడి, మనసు మార్చుకున్నట్టు జారిపోయింది. లీవరులో మొదటిసారి ఎవరో అవతల నుంచి చేయి కలిపినంత బలం తగిలింది. చివరికి ఓడి, మాట ప్రకారం లైను అప్పగించడానికి, ఆఖరిసారి కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని వెళ్లాడు. ఆఖరి రోజు కదా అని నొప్పి పళ్ల బిగువున ఓర్చుకుని నలభై మూడు షాపులూ తిరిగాడు. ప్రతిచోటా బండి దిగి, ఎడమ చేయి చాచి చూపించి, ఇది పోయిందయ్యా, ఇక మా అమ్మాయి వస్తుంది, నన్ను చూసినట్టే చూడండి, అన్నాడు. చాచి చూపించాడు. ఆ చేతిని అందరూ పట్టుకుని చూశారు, ఒకడు నూనె ఇచ్చాడు, ఒకడు మా నాన్నకీ ఇంతే అన్నాడు, ఒక కుర్రమెకానిక్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ రోజు ఎవరూ ధర తగ్గించమని అడగలేదు. బేరమాడకుండా కొన్నారంటే ఇక మనిషిని చచ్చినవాళ్ల లెక్కలో వేశారన్నమాటే, అది దారి పొడుగునా తెలుస్తూనే ఉంది. వెనక కూతురు దారంతా తల వంచుకునే కూర్చుంది. బెంగ పెట్టుకుందనుకుని, తిరిగొచ్చేటప్పుడు తనే ఓదార్చాడు, ఎప్పటికైనా నీదేగా అమ్మా, అన్నాడు. ఆమె నుదురు తన వీపుకి ఆనించింది. ఏడుస్తోందని చొక్కా తడిని బట్టి తెలిసింది. ఎంత మంచి పిల్ల అనుకున్నాడు.

ఆ తర్వాత చేయి తన పని తను చేసుకుంది. టీ గ్లాసు కుడి చేతికి మారింది, సీసా మూతలు ఆవిడ తీసేది, బజారులో నడుస్తుంటే ఎడమ చేయి దానంతటదే జేబులోకి పోయేది. బండి ముట్టుకోలేదు, మరి నొప్పి ఎక్కణ్ణుంచి వచ్చింది? వచ్చింది. వాన పడే ముందు వచ్చేది, షాపులో ఎవరైనా ఎలా ఉంది బాబాయి అంటే వచ్చేది. పదకొండు నెలలు నొప్పి పుట్టించింది ఈ కేబుల్ కాదు, ఇది బండితో పాటు మూల పడి ఉంది. తన చేయే. వాళ్లు చెప్పారు, తను నమ్మాడు, తనని చూసి చేయి నమ్మింది. ఇంట్లో ఇద్దరు మోసం చేశారంటే అర్థం చేసుకోవచ్చు. ఈ చేయి కూడా వాళ్లతో కలిసిపోయింది.

ఆవిడకి తెలుసా? ఈ ప్రశ్న వస్తుందని తెలిసి ఇందాకటి నుంచీ దాన్ని పక్కకి నెడుతున్నాడు. తెలిసి ఉంటే ఉప్పుమూట అంత వేడిగా కాపడం పెట్టేది కాదు. తెలిసి ఉంటే తమ్ముడి దగ్గరికి వచ్చి, ఆ బండి అమ్మి పారెయ్, మీ బావ చేయి తినేసింది, అని పోట్లాడేది కాదు. తెలియదు, అని తేల్చాడు. ముప్పై మూడేళ్ల కాపురంలో ఆవిడని తక్కెట్లో పెట్టి చూడడం ఇదే మొదలు. ఒక్క తూకపు రాయి దొంగదని తేలితే ఇక ఆ షాపులో తూచినవన్నీ మళ్లీ తూచుకోవాలి. వంట బాగుందన్నది నిజమా, జ్వరం తగ్గిందన్నది నిజమా, నువ్వు లేకపోతే షాపు నడవదు నాన్నా అన్నది నిజమా.

ఈ ఆయిలు క్లచ్ సంగతి ఒక కొత్త కుర్రాడు కౌంటరులో చెప్పాడు. కేబుల్ అక్కర్లేదంకుల్, రెండు వేళ్లు చాలు, అన్నాడు. కేబుళ్లమ్మేవాడికి ఆ మాట చెప్పడం వాడికే తెలియని వేళాకోళం. కానీ ఈయనకి రాత్రంతా రెండు వేళ్లే కళ్లముందు ఆడాయి. మాట ఏమిటి? చేయి క్లచ్ నొక్కినంత కాలం. ఏ క్లచ్ అని అనలేదుగా. తనూ మాటలో సందు వెతికినవాడే, కాదనడం లేదు, కానీ సందు వెతికి పట్టపగలు నడిచి వచ్చాడు. ఎవరికీ చెప్పకుండా సామాను తెప్పించి తెచ్చి ఇక్కడ పెడితే బావమరిది మొహం పాలిపోయింది. ఈ మోడలుకి కుదరదన్నాడు, కారుతుందన్నాడు, కేబుల్ తెగిపోయే ముందు చెబుతుంది బావా, ఇది చెప్పకుండా పోతుంది, అన్నాడు. ఇన్నాళ్లకి తన చేయి బాగవుతుందంటే సంతోషించడేమిటి అని బాధపడ్డాడు, పనిదొంగ అనుకున్నాడు. పాపం పనిదొంగ కాదు. పాత కేబుల్ బయటికి వస్తుందని భయం. ఇవాళ అమ్మాయి లైనులో ఉంది, ఫోనుకి అందలేదేమో, తను వచ్చి షెడ్డులో కూర్చుని కదలనన్నాడు, వాడికి దారి లేకపోయింది. మధ్యలో, టీ తాగిరా బావా, పీకే పని నేను చూస్తాను, అని రెండుసార్లు అన్నాడు. టీ మానేసి రెండు నెలలయిందిరా, అంటే నాలుక కరుచుకున్నాడు.

అప్పుడే ముందు వీధిలో స్కూటరు వచ్చి ఆగింది. ఆ చప్పుడు ఆయనకి తెలుసు. కూతురు క్లచ్ మీద పందెం కాసి, క్లచ్చే లేని బండి మీద లైను గెలుచుకుంది. కింద స్పానరు ఆగింది. షాపులోంచి, వెనక తలుపు అవతల, సంచులు దించిన చప్పుడు, సొరుగు లాగిన చప్పుడు వచ్చాయి. గాలి తగ్గిందా, అన్నాడు ఈయన. ఆ, ఆ, అయిపోయింది, ఇంకో నాలుగు, అని మళ్లీ వంగాడు బావమరిది. నాలుగు కూడా పట్టలేదు. గొట్టంలో ఆయిలు తేనెలా ఏకధారగా దిగింది, బుడగ లేదు. లీవరు గట్టిపడింది. గట్టిపడిందంటే బరువు కాదు, అడిగినంత ఇచ్చి, ఆపినచోట ఆగింది. రెండు వేళ్లతో నొక్కాడు, చప్పుడు లేకుండా మూసుకుంది. చూడు బావా, ఎంత తేలిగ్గా ఉందో, అన్నాడు బావమరిది లేచి, చేతులు తుడుచుకుంటూ. వాడి మొహంలో ఉన్న సంతోషం నిజమైనదే. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

ఎందుకంటే ఈ లీవరు ఏమీ చెప్పదు. దీన్ని పసిపిల్ల కూడా నొక్కుతుంది. తన చేయి నిజంగా పోయిందో లేదో దీనికి తెలియదు, దీన్ని నొక్కుతూ బతికితే తనకీ ఇక ఎప్పటికీ తెలియదు. తెలియాలంటే మంచి కేబుల్ కావాలి. పక్కనే అది ఉంది. గంట నుంచీ ఉంది, గంట నుంచీ దానివైపు చూడకుండా ఉండడానికే సగం ప్రాణం పోయింది. ఇదే మోడలు బండి, స్కూలు మేష్టారిది, బ్రేకులకని వదిలి వెళ్లాడు, దానికి పోయిన నెల కేబుల్ ఇచ్చింది తనే, మంచి సరుకు. దాన్ని నొక్కలేకపోతే, వీళ్లు రాబోయేదాన్ని కాస్త ముందు తెచ్చారంతే, తిట్టి ఊరుకోవచ్చు, రేపు మళ్లీ కలిసి అన్నం తినొచ్చు. నొక్కలేకపోతే బాగుండును, అనిపించింది ఒక్క క్షణం. ఇదేం కోరికరా అనుకుంటూ బండి దిగాడు. కేబుల్ చుట్ట గుడ్డతో సహా చంకలో పెట్టుకున్నాడు. మేష్టారి బండి దగ్గరికి వెళ్లి ఎడమ చేయి జేబులోంచి తీశాడు, ఎప్పుడు దూరిందో జేబులోకి, తీసి హ్యాండిలు మీద వేసి నాలుగు వేళ్లూ లీవరు మీద పరిచాడు. నొక్కాడు. లీవరు మామూలుగా, ముప్పై ఏళ్లూ ఎలా వచ్చేదో అలా, కాస్త బరువుగా కాస్త జారుడుగా, హ్యాండిలు దాకా వచ్చింది. పట్టుకున్నాడు. నొప్పి కోసం చూశాడు, రోజూ అదే వేళకి వచ్చే ఖాతాదారు కోసం చూసినట్టు. పది లెక్కపెట్టాడు. ఇరవై. అది రాలేదు.

"అది కొత్త కేబుల్ బావా," అన్నాడు బావమరిది.

ఎవరూ ఏమీ అడగలేదు. షెడ్డులో ఆ మాట అలా నిలబడిపోయింది. అన్నవాడికే ముందు అర్థమైంది, వాడి చేతిలో గుడ్డ తుడవడం ఆగిపోయింది. ఈయన లీవరు వదిలి, చంకలోంచి చుట్ట తీసి మేష్టారి బండి సీటు మీద పెట్టి, రబ్బరు టోపీ వెనక్కి తోశాడు.

"ముడి నాదేరా," అన్నాడు.

బావమరిది నేల మీద కూర్చుండిపోయాడు. అమ్మాయి ఒక్క నెల అంది బావా, అన్నాడు, ఒక్క నెల వేసి తీసేద్దాం మావయ్యా, ఒక్కసారి లైను చేతికొస్తే నాన్నే చూస్తాడు నేనెలా చేస్తానో, తర్వాత మంచిది వేసేద్దువుగాని, అంది. కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. నేను వేశాను. నెల తర్వాత తీసేద్దామనే అనుకున్నాను, ఒట్టు. ఈలోపు నువ్వు నలభై షాపులకీ వెళ్లి చేయి చాచి చూపించొచ్చావు. ఇంకెలా తీయను. తీస్తే నీ చేయి బాగైపోతుందాయె.

ఆ మాటలో ఉన్న లెక్క ఎంత సరిగ్గా ఉందో వ్యాపారస్థుడికి వెంటనే తెలిసింది. చుట్ట తీసుకున్నాడు. వెనక తలుపు తోస్తే రెండడుగుల్లో షాపులో ఉంటాడు, కానీ ఆ తలుపు తీయలేదు. సందులోంచి చుట్టు తిరిగి వీధిలోకి వచ్చి, షాపు మెట్లెక్కి, కౌంటరు ఇవతల, కొనేవాళ్లు నిలబడే చోట నిలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్లలో అక్కణ్ణుంచి షాపు ఎలా ఉంటుందో చూడలేదు. అరలు పొడుగ్గా ఉన్నాయి. కూతురు ఆర్డర్లు రాసుకుంటోంది, దుమ్ముకి రెప్పలు తెల్లబడ్డాయి, మెడలో తన పాత తోలుసంచి ఇంకా తీయలేదు. తలెత్తి చూసి నవ్వింది.

"ఏం కావాలండీ," అంది, వేళాకోళంగా.

ఆయన చుట్టని కౌంటరు మీద పెట్టాడు. టోపీ వెనక్కి తోసే ఉంది. ఆమె దారాన్ని చూసింది. నవ్వు మొహం మీద నుంచి ఒక్కసారిగా పోలేదు, ఎక్కడికి పోవాలో తెలియక అక్కడే కాసేపు తచ్చాడింది.

"ఏమైంది అని అడగాలి," అన్నాడు. "వాపసు తెచ్చినవాణ్ణి ఏమైంది అని అడగాలి. నేర్పానుగా."

ఆమె అడగలేదు. ఆయనే చెప్పాడు, బిగుసుకుపోయింది, చేయి పడిపోయిందనుకున్నాను, అని. రాసుకో, అన్నాడు. ఆమె చీటీ తీసి రాసింది, పాలవాడి చీటీ మీద ఉన్న మాటలే దాదాపు. రాయడం అయ్యాక తలెత్తకుండా, "నువ్వు ఇచ్చేవాడివి కాదు నాన్నా," అంది. "లేదు," అన్నాడు ఆయన. అది నిజం, నిజాన్ని బేరమాడలేడు. సోమవారం నుంచి నువ్వే వెళ్లు, అంది, అందరికీ నేనే చెబుతాను. ఏం చెబుతావు, అని అడిగాడు, గొంతు పెంచకుండా, నిజంగానే ధర కనుక్కుంటున్నట్టు. ఆయన దారంతా లెక్క వేసుకునే వచ్చాడు. చేయి బాగైందంటే, ఉప్పు కూడా సరిగ్గా తూచే మనిషి లైను మీద మొదటి అబద్ధం ఆడినట్టు. బాగా లేకపోవడమే జరగలేదంటే, కూతురు తండ్రికి వాపసు సరుకు వేసిన షాపులో ఇక ఎవడు కేబుల్ కొంటాడు. ఏ వైపు నుంచి కూడినా ఆ రోడ్డు మీద తీగల బాబాయి మిగలడం లేదు. అతను ఆ రోజే చేయి చాచి అందరి దగ్గరా సెలవు తీసుకున్నాడు. క్లచ్ తిరిగొచ్చింది, చేయి తిరిగొచ్చింది, లైను రాదు.

దారం ఉండ తీసుకుని రెండు చుట్లు చుట్టాడు, మెలిక వేశాడు, కొస లోపలికి తోసి ఎడమ బొటనవేలితో నొక్కి బిగించాడు. పాత ముడి పక్కనే కొత్త ముడి, రెండూ ఒక్క చేతివే, తేడా లేదు.

"లైను నువ్వే ఉంచుకో," అన్నాడు. "పెట్టె తాళంచెవి ఇటివ్వు."

లైను అడిగి ఉంటే ఆమె అంత తెల్లబోయేది కాదు. గుత్తి తీసింది. ఆ చిన్న ఇత్తడి తాళంచెవి రింగుకి ఎప్పుడో పట్టేసుకుంది, ఊడదు. గోరు దూర్చి లాగింది, రింగు జారి మళ్లీ మూసుకుంది, మళ్లీ దూర్చింది, గోరు విరిగింది, కళ్లు నిండి రింగు కనబడక తడుముకుంటోంది. ఆయన ఎడమ చేయి కౌంటరు మీద తెరిచి పెట్టి నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచీ ఆమె దేనికైనా అలా తంటాలు పడుతుంటే, ఇటు తే అమ్మా, అని లాక్కుని తనే విప్పిచ్చేవాడు. అలా విప్పకుండా, చూస్తూ నిలబడడం ఇదే మొదటిసారి.